సుభాష్ ముఖోపాధ్యాయ: దుర్గ పుట్టుకకు కారణమై, అబద్ధాలకోరు అనిపించుకున్న డాక్టర్

1978 సెప్టెంబరు ఆఖరి వారంలో కలకత్తా నీట మునిగింది. పశ్చిమ బెంగాల్‌లో జిల్లాలకు జిల్లాలే వరదలో చిక్కుకున్నాయి. ఆ నీళ్లు పూర్తిగా తీయకముందే దుర్గా పూజల రోజులు దగ్గరపడ్డాయి. అక్టోబరు 3న నగరంలో ఒక ఆడపిల్ల పుట్టింది. తల్లికి అండవాహికలు దెబ్బతిని ఉన్నాయి. మామూలు దారిలో ఆమెకు గర్భం నిలిచే అవకాశం లేదు. పండుగ ముంగిట పుట్టిన ఆ బిడ్డను లోకానికి దుర్గ అనే మారుపేరుతో పరిచయం చేశారు. అసలు పేరు బయటికి రావడానికి 25 ఏళ్లు పట్టింది.

అంతకు 70 రోజుల ముందు, జులై 25న, ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఆమే. ఆ పిల్ల వెనుక ఉన్న రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టోల పేర్లు రాత్రికి రాత్రే అన్ని దేశాల పత్రికల్లోకి ఎక్కాయి. దుర్గ వెనుక ఉన్న డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయను మాత్రం సొంత రాష్ట్ర ప్రభుత్వమే విచారణకు పిలిచింది, ఆయన మాట కట్టుకథ అని తేల్చింది. మూడేళ్లు తిరగకముందే ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

ఈ కథ తెలుగువారిలో చాలామందికి సినిమా ద్వారా తెలుసు. తపన్ సిన్హా తీసిన హిందీ చిత్రం ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’లో పంకజ్ కపూర్ పోషించిన పాత్రకు స్ఫూర్తి ముఖోపాధ్యాయే. అయితే సినిమాలో డాక్టర్ కనిపెట్టింది కుష్ఠువ్యాధికి టీకా. నిజంగా ముఖోపాధ్యాయ చేసిన పని ఏమిటన్నది ఆ సినిమా చూసినవారికి తెలియదు. ఆయన పడిన బాధ అందరికీ గుర్తుంది, ఆయన ఆలోచన గుర్తులేదు. ఆలోచన అర్థమైతేనే ఆయన మీద పడిన అనుమానం ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు సబబో తెలుస్తుంది.

హజారీబాగ్ నుంచి ఎడిన్‌బరోకు

ముఖోపాధ్యాయ 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టారు. అప్పట్లో అది బీహార్, ఇప్పుడు ఝార్ఖండ్. 1949లో శరీరధర్మ శాస్త్రంలో ఆనర్స్ డిగ్రీ తీసుకున్నారు. 1955లో కలకత్తా నేషనల్ మెడికల్ కాలేజీ నుంచి ఎంబీబీఎస్ పూర్తిచేశారు. అక్కడితో ఆగి ప్రాక్టీసు పెట్టుకుని ఉంటే నగరంలోని పేరున్న డాక్టర్లలో ఒకరయ్యేవారేమో. ఆయన ల్యాబ్ వైపు వెళ్లారు. సంతానోత్పత్తికి సంబంధించిన శరీరధర్మ శాస్త్రంలో 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది.

రెండో పీహెచ్‌డీ ఎడిన్‌బరోలో. హార్మోన్లను కొలవడంలో ఆ రోజుల్లో పేరుమోసిన జాన్ లొరేన్ దగ్గర చేరి, 1967లో ముగించారు. ఎడిన్‌బరోకు ఈ రంగంలో పాత చరిత్ర ఉంది. స్త్రీ మూత్రాన్ని ఎలుకలకు ఎక్కించి, వాటి అండాశయాల్లో వచ్చే మార్పును బట్టి గర్భం ఉందో లేదో చెప్పే ల్యాబ్ అక్కడ 1929లోనే మొదలైంది. మందుల దుకాణంలో స్ట్రిప్ కొనుక్కుని అయిదు నిమిషాల్లో ఫలితం చూసుకునే ఈ కాలానికి అది వింతగా తోచవచ్చు. స్ట్రిప్ వెతికేదీ ఆ ఎలుకలు పసిగట్టినదీ ఒకటే హార్మోన్. దాని పేరు హెచ్‌సీజీ.

ముఖోపాధ్యాయ అక్కడ పనిచేసింది ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను కొలిచే పద్ధతి మీద. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. ఆ తర్వాత ఒకటిన్నర రోజులో అండాశయం నుంచి అండం విడుదలవుతుంది. ఈ హార్మోన్‌ను కొలవడమంటే స్త్రీ శరీరంలో సమయాన్ని కొలవడమే. ఎడిన్‌బరోలో ఆయన నేర్చుకున్నదాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే అదే.

1967లో కలకత్తాకు తిరిగొచ్చి నీలరతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1975 తర్వాత బాంకురా సమ్మిళనీ మెడికల్ కాలేజీలో ఉద్యోగం. బాంకురా కలకత్తాకు సుమారు 200 కిలోమీటర్ల దూరం. ప్రభుత్వ కాలేజీలో శరీరధర్మ శాస్త్రం ప్రొఫెసర్‌కు సొంత పరిశోధన ల్యాబ్ ఉండేది కాదు. ఆయనకు ఉన్నవి దక్షిణ కలకత్తాలో భార్య నమితతో కలిసి ఉంటున్న ఫ్లాటు, కొన్ని మామూలు పరికరాలు, ఒక ఫ్రిజ్, ఇద్దరు సహచరులు. వారిలో ఒకరు సరోజ్ కాంతి భట్టాచార్య, స్త్రీల వైద్య నిపుణుడు. రెండోవారు సునీత్ ముఖర్జీ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆహార సాంకేతిక రంగానికి చెందిన ప్రొఫెసర్, అతిశీతల స్థితిలో జీవకణాలను నిల్వచేయడం తెలిసినవారు. టెస్ట్‌ట్యూబ్ బేబీ బృందంలో ఆహార సాంకేతిక నిపుణుడికి పనేమిటని తర్వాత చాలామంది వెటకారం చేశారు. అసలు కిటుకు ఆయన దగ్గరే ఉంది.

అండానికి ఒక సమయం, గర్భాశయానికి ఒక సమయం

గర్భం రావడం ఒక్కరోజులో అయిపోయే పని కాదు. నెలసరి 28 రోజులకు ఒకసారి వచ్చే స్త్రీలో సుమారు 14వ రోజున అండం విడుదలవుతుంది. అది బతికేది మహా అయితే ఒక రోజు. శుక్రకణం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా నిలవగలదు. అందుకే నెలలో గర్భం వచ్చే వీలున్న రోజులు ఆరే. అండం విడుదలైన రోజు, దాని ముందరి అయిదు రోజులు. అండం, శుక్రకణం కలిసేది గర్భాశయంలో కాదు, అండవాహికలో. కలిశాక ఆ కణం రెండై, నాలుగై, ఎనిమిదై, నెమ్మదిగా గర్భాశయం వైపు జరుగుతుంది. అక్కడికి చేరి, లోపలి పొరకు అతుక్కోవడానికి వారం పైనే పడుతుంది. చాలా గర్భాల్లో ఇది అండం విడుదలైన 8 నుంచి 10 రోజుల మధ్య జరుగుతుందని ముఖోపాధ్యాయ చనిపోయిన చాలా ఏళ్లకు అమెరికాలో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. అతుక్కున్న తర్వాతే హెచ్‌సీజీ రక్తంలోకి వస్తుంది. అప్పుడు నెల తప్పుతుంది.

ఈలోగా గర్భాశయం కూడా ఊరికే కూర్చోదు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి లోపలి పొరను మెత్తగా, పిండాన్ని పట్టుకునేలా తయారుచేస్తుంది. ఆ తయారీ కొద్ది రోజులే ఉంటుంది. పిండం ముందొచ్చినా నిలవదు, వెనకొచ్చినా నిలవదు. ప్రకృతిలో రెండూ ఒకే హార్మోన్ల తాళానికి నడుస్తాయి కాబట్టి సరిపోతుంది.

డాక్టర్లు గర్భాన్ని లెక్కపెట్టే తీరు కూడా దీన్నుంచే వచ్చింది. అండం ఎప్పుడు విడుదలైందో ఎవరికీ కనిపించదు, నెలసరి తేదీ మాత్రం గుర్తుంటుంది. అందుకే చివరి నెలసరి మొదటిరోజు నుంచి 280 రోజులు లెక్కవేసి కాన్పు తేదీ చెబుతారు. ఆ లెక్కలో మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ ఉండదు. అయిదో వారం అని రాసి ఉన్న స్కానింగ్ రిపోర్టు చూసి, పిండం వయసు అయిదు వారాలనుకుని కంగారుపడే దంపతులు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ పిండం వయసు మూడు వారాలే.

శరీరం బయట పిండాన్ని తయారుచేయాలనుకున్న ఎడ్వర్డ్స్‌కు ఎదురైన చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. నెలకు ఒక్క అండం దొరికితే పని కష్టం. హెచ్‌ఎంజీ అనే హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే ఒకేసారి కొన్ని అండాలు పెరుగుతాయి. (ముట్లుడిగిన స్త్రీల మూత్రం నుంచి తీసే మందు అది. మొదట్లో దానికోసం ఇటలీ కాన్వెంట్లలోని వృద్ధ సన్యాసినుల మూత్రాన్ని సేకరించేవారు.) కానీ అలా మందులతో అండాలు పెంచిన నెలలో గర్భాశయం లయ తప్పుతుంది. పిండం బాగున్నా నిలవదు. ఎడ్వర్డ్స్ బృందం ఏళ్ల తరబడి ఈ దారిలో ప్రయత్నించింది. 1976లో వాళ్లు ప్రకటించిన ఒక గర్భం కూడా గర్భాశయం బయట నిలిచినది కావడంతో తీసేయాల్సి వచ్చింది. చివరికి వాళ్లు మందులు మానేశారు. స్త్రీ మూత్రాన్ని ప్రతి మూడు గంటలకూ పరీక్షిస్తూ, ఎల్‌హెచ్ ఎప్పుడు ఉప్పొంగుతుందా అని కాపు కాసి, సహజంగా పెరిగిన ఆ ఒక్క అండాన్నీ తీసి, ఎనిమిది కణాల దశలో తిరిగి గర్భాశయంలో ఉంచారు. లూయిస్ బ్రౌన్ అలా పుట్టింది. అర్ధరాత్రి వేళైనా ఆపరేషన్‌కు సిద్ధంగా ఉండాల్సిన పద్ధతి అది.

ముఖోపాధ్యాయ ఇదే చిక్కును వేరేగా విప్పారు. మందులతో అండాలు పెంచడం మంచిదే, చెడేది ఆ నెల గర్భాశయం మాత్రమే. అలాంటప్పుడు పిండాన్ని ఆ నెలలోనే లోపల పెట్టడమెందుకు? దాన్ని ఆపి ఉంచి, మందుల ప్రభావం పోయి శరీరం మళ్లీ తన లయలోకి వచ్చిన మరో నెలలో, తగిన రోజు చూసి పెడితే సరిపోతుంది కదా. పిండాన్ని ఆపి ఉంచడానికి మార్గం గడ్డకట్టించడం.

ఇది గాలిలో పుట్టిన ఊహ కాదు. 1972లో ఎలుక పిండాలను గడ్డకట్టించి, కరిగించి, పిల్లలను పుట్టించారు. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో గడ్డకట్టించిన పిండం నుంచి దూడ పుట్టింది. మనిషి పిండం విషయంలో అంతవరకు ఎవరూ విజయం సాధించలేదు. ముఖోపాధ్యాయ బృందం దుర్గ తల్లికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి అండాలు పెంచింది. పొట్ట కోయకుండా, లాపరోస్కోప్ వాడకుండా, యోని వెనుక గోడలో చిన్న కోత పెట్టి వాటిని బయటికి తీసింది. భర్త శుక్రకణాలతో కలిపింది. ఎనిమిది కణాల దశకు వచ్చిన పిండాన్ని, మంచు స్ఫటికాలు కణాలను చీల్చకుండా డీఎంఎస్‌ఓ అనే రసాయనం సాయంతో గడ్డకట్టించింది. 53 రోజులు అలా ఉంచి, తర్వాత కరిగించి తల్లి గర్భాశయంలో ప్రవేశపెట్టింది.

తేదీలు ఒకసారి వెనక్కి లెక్కవేస్తే ఇందులోని విశేషం తెలుస్తుంది. నెలలు నిండిన కాన్పు అనుకుంటే, అక్టోబరు 3న పుట్టిన బిడ్డ మామూలు లెక్కలో జనవరి రెండో వారం ప్రాంతంలో కడుపున పడి ఉండాలి. 53 రోజులు కలిపితే ఆ పిండం గాజు పాత్రలో రూపుదిద్దుకున్నది అంతకు ముందు నవంబరు మూడో వారం ప్రాంతంలో. లూయిస్ బ్రౌన్ పిండాన్ని తల్లి కడుపులో పెట్టింది 1977 నవంబరు 12న. ఇద్దరు పిల్లల ఆరంభాలకూ మధ్య ఉన్న తేడా ఒకటి, రెండు వారాలే కావచ్చు. ఒకరి పని ఒకరికి తెలియకుండా, వేర్వేరు ఖండాల్లో, రెండు వేర్వేరు పద్ధతుల్లో జరిగిన ఆరంభాలవి. నెలసరి తేదీతో గర్భాన్ని లెక్కపెట్టే పాత పద్ధతికి దుర్గ పిండం 53 రోజుల వయసు అందదు. కాలం ఆ పిండం విషయంలో నిజంగానే ఆగిపోయింది.

కమిటీ

అక్టోబరు మొదటివారంలోనే వార్త పత్రికలకెక్కింది. అదే నెల 19న ముఖోపాధ్యాయ రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టర్‌కు నివేదిక ఇచ్చారు. ఆ ఏడాదే బృందం తమ పనిని ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్‌లో క్లుప్తంగా ప్రచురించింది. అది అతిశీతల శాస్త్రానికి చెందిన పత్రిక. స్త్రీల వైద్య నిపుణులెవరూ దాన్ని తెరిచి చూసి ఉండరు.

అనుమానించడం తప్పు కాదు. ఇది ఒప్పుకోవాలి. బిడ్డ పుట్టిన వెంటనే వార్త బయటికి వచ్చింది, పూర్తి వివరాలతో వైద్య పత్రికలో వ్యాసం రాలేదు. ప్రపంచంలో ఎవరూ చేయలేనిది ఇంటి ఫ్లాటులో చేశామని చెబితే ఆధారాలు అడగడం శాస్త్రం పని. పైగా ఎవరి బిడ్డో చెప్పడానికి వీల్లేదు. ఆ దంపతులు సంప్రదాయ కుటుంబానికి చెందినవారు. గాజు పాత్రలో పుట్టిన పిల్ల అన్న మాట పడితే ఆమె పెళ్లి దాకా అది వెంటాడుతుందన్న భయం ఆ కాలంలో ఏ మధ్యతరగతి ఇంట్లోనైనా ఉండేదే. రోగి రహస్యం కాపాడాలా, తన మాట నిరూపించుకోవాలా అన్న చోట ముఖోపాధ్యాయ మొదటిదాన్నే ఎంచుకున్నారు.

తప్పు జరిగింది అనుమానంలో కాదు, దాన్ని తీర్చుకున్న తీరులో. ఏడాదిన్నర కిందటే వామపక్ష ప్రభుత్వం కొత్తగా అధికారంలోకి వచ్చింది. దాని ఆరోగ్య శాఖ నవంబరులో నిపుణుల కమిటీ వేసింది. అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రజ్ఞుడు. సభ్యుల్లో స్త్రీల వైద్యులు, నాడీ శరీరధర్మ శాస్త్రం వాళ్లు ఉన్నారు. శరీరం బయట మనిషి పిండాన్ని పెంచిన అనుభవం గానీ, పిండాన్ని గడ్డకట్టించిన అనుభవం గానీ ఉన్నవారు ఒక్కరూ లేరు. ఉండే వీలు కూడా లేదు, దేశంలో అప్పటికి ఆ పని తెలిసిన బృందం విచారణకు నిలబడ్డదే. కరెంటు కోతల నగరంలో పిండాలను ఎలా కాపాడారన్నది కమిటీ సందేహాల్లో ఒకటని తర్వాత వచ్చిన కథనాలు చెబుతాయి. ద్రవ నత్రజనిలో ఉంచే నిల్వకు నిరంతరం కరెంటు అక్కరలేదని సునీత్ ముఖర్జీ రంగంలోని ఏ విద్యార్థికైనా తెలుసు.

కమిటీ ఆయన మాటను తోసిపుచ్చింది. విదేశీ నిపుణులకు కాగితాలు పంపవచ్చు, ఆయన ల్యాబ్‌కు వసతులు కల్పించి మరోసారి చేసి చూపమని అడగవచ్చు, తల్లిదండ్రులను గోప్యంగా కలవవచ్చు. ఇవేవీ జరగలేదు. నమ్మలేకపోవడానికీ అబద్ధమని తీర్పు చెప్పడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ కమిటీ ఒక్క అంగలో దాటేసింది.

తర్వాతివి ఉత్తర్వుల రూపంలో వచ్చాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన కేంద్రం తమ దగ్గర జరిగే సదస్సులో ఈ పని గురించి వివరించమని 1979 మొదట్లో ఆయనను పిలిచింది. ఖర్చులు భరించడానికి వాళ్లు సిద్ధమే. రాష్ట్ర ప్రభుత్వం సెలవు ఇవ్వలేదు. ఈ రంగం తెలిసినవారి ముందు నిలబడి, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే అవకాశం ఆయనకు దొరికి ఉండేది. జవాబు చెప్పలేకపోతే విషయం అక్కడే తేలిపోయేది. ఆయనను అబద్ధాలకోరు అన్నవాళ్లే ఆ పరీక్ష జరగకుండా ఆపారు.

గుండెపోటు వచ్చింది. బాంకురా నుంచి కలకత్తాలోని ఆర్.జి.కర్ మెడికల్ కాలేజీకి మార్చారు. ఆ ఊరట నిలవలేదు. 1981 జూన్‌లో మళ్లీ బదిలీ. ఈసారి కంటి ఆసుపత్రికి. ప్రాంతీయ నేత్ర వైద్య సంస్థలో ఎలక్ట్రోఫిజియాలజీ ప్రొఫెసర్ పోస్టు అది. ఇరవై ఏళ్లకు పైగా హార్మోన్లు, అండాశయాలు, గర్భాశయాలతో పనిచేసిన మనిషి ఇకమీదట కంటిలోని విద్యుత్ సంకేతాల మీద పాఠాలు చెప్పాలి. ప్రభుత్వోద్యోగం తెలిసిన వాళ్లకు ఇలాంటి బదిలీ భాష వేరే వివరించనక్కరలేదు. ఆ నెల 19న ముఖోపాధ్యాయ ఇంట్లోనే ప్రాణం తీసుకున్నారు. వయసు 50 ఏళ్లు.

కాగితాలు దొరికాక

ఆయన పోయాక ప్రపంచం ఒక్కొక్క మెట్టూ ఆయన నడిచిన దారిలోకే వచ్చింది. 1981 డిసెంబరులో అమెరికాలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. అక్కడి డాక్టర్లు సహజ నెలను వదిలేసి, హెచ్‌ఎంజీతో అండాలు పెంచాకే ఫలితం వచ్చింది. 1983లో ఆస్ట్రేలియాలో గడ్డకట్టించిన పిండంతో గర్భం నిలిచిందని ప్రకటించారు. 1984లో అక్కడే అలాంటి తొలి బిడ్డ పుట్టింది. ఆ దశకంలోనే అల్ట్రాసౌండ్ సాయంతో యోని మార్గం ద్వారా అండాలు తీసే పద్ధతి వచ్చి లాపరోస్కోప్‌ను పక్కకు నెట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లిన జంటకు డాక్టర్ చెప్పే వరుస దాదాపు ఇదే. పది, పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, యోని మార్గంలో అండాల సేకరణ, పిండాలను గడ్డకట్టించడం, తర్వాతి నెలలోనో ఆ పై నెలలోనో ప్రవేశపెట్టడం. ఈ నెలే ఎందుకు పెట్టరని అడిగే దంపతులకు వచ్చే సమాధానం ముఖోపాధ్యాయ 1978లో ఇచ్చినదే.

దేశంలో ఈ గౌరవం మాత్రం మరొకరికి దక్కింది. 1986 ఆగస్టు 6న ముంబయి కేఈఎం ఆసుపత్రిలో హర్ష పుట్టింది. డాక్టర్ ఇందిరా హిందుజా, భారత వైద్య పరిశోధన మండలికి చెందిన సంతానోత్పత్తి పరిశోధన సంస్థ డైరెక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ కలిసి సాధించిన విజయం అది. దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు అన్నీ హర్ష పేరే రాసుకున్నాయి.

పదకొండేళ్లు గడిచాయి. 1997లో ఆనంద్ కుమార్ కలకత్తాలో ఒక సదస్సుకు వెళ్లారు. ముఖోపాధ్యాయ స్మారక ఉపన్యాసం ఇవ్వాల్సింది ఆయనే. అక్కడ ఆయన చేతికి ముఖోపాధ్యాయ రాసుకున్న కాగితాలు వచ్చాయి. ఈ దేశంలో వాటిని చదివి, అందులో రాసినది జరిగే పనా కాదా అని చెప్పగల కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ కాగితాలు నిజమైతే నష్టపోయేది కూడా ఆయనే. ఆయన చదివారు, దుర్గ తల్లిదండ్రులతో మాట్లాడారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం రాసి, భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీకి కారకుడు ముఖోపాధ్యాయ అని ప్రకటించారు. తన పేరు మీద ఉన్న మొదటి స్థానాన్ని తన చేత్తోనే మరొకరికి రాసిచ్చిన శాస్త్రజ్ఞులు ఏ దేశంలోనైనా అరుదు. 1978లో కమిటీ చేయాల్సిన పని ఇదే. తేడా అల్లా చదివినవారికి విషయం తెలియడం.

2003లో తన 25వ పుట్టినరోజు సందర్భంగా దుర్గ బయటికి వచ్చింది. ముఖోపాధ్యాయ జ్ఞాపకార్థం జరిగిన కార్యక్రమంలో, తన పేరు కనుప్రియా అగర్వాల్ అని, ఆ బిడ్డ తానేనని స్వయంగా చెప్పింది. తల్లిదండ్రులు 1978లో భయపడిన సమాజం అప్పటికి చాలా మారింది. ఐవీఎఫ్ పిల్లలు వీధికొకరు కాకపోయినా ఊరికొకరు ఉన్నారు. 2005లో భారత వైద్య పరిశోధన మండలి సంతాన సాఫల్య కేంద్రాలకు మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు, అందులో ముఖోపాధ్యాయ పనిని ప్రస్తావించింది. ఎడ్వర్డ్స్‌కు నోబెల్ బహుమతి 2010లో వచ్చింది, అప్పటికి స్టెప్టో బతికి లేరు. చనిపోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు కాబట్టి ముఖోపాధ్యాయ పేరు అక్కడ చర్చకు వచ్చే వీలే లేదు.

పశ్చిమ బెంగాల్ కమిటీ ఇచ్చిన తీర్పు తర్వాత ఎంత చర్చ జరిగినా, పోటీ పరీక్షల గైడ్లలో హర్ష పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది. కొన్నిచోట్ల ఆ పేరు ముందు శాస్త్రీయంగా నమోదైన అనే మాట చేరింది. కనుప్రియ పేరు దాని పక్కనే మరో వరుసలో ఉంటుంది, తేదీ మాత్రం దానికంటే ఎనిమిదేళ్లు ముందుది.